పగలు ఫ్లెక్స్ డిజైన్లు, రాత్రి వాలరెంట్: రెండింటికీ పనికొచ్చే మానిటర్ ఏది?

గడియారం_సెంటర్ (నల్గొండ) అడిగిన ప్రశ్న:

అన్నలూ, తమ్ముళ్లూ, మానిటర్ విషయంలో బుర్ర వేడెక్కిపోయింది, కాస్త దారి చూపండి. మాది నల్గొండ. ఫ్లెక్సులు, పెళ్లి కార్డులు, కరపత్రాలు డిజైన్ చేసే చిన్న షాపు. పీసీ పోయిన ఏడాదే కొత్తగా కట్టించాను, రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. మానిటర్ మాత్రం పాతదే నడుస్తున్నది, 18.5 అంగుళాలు, 1366×768, దానికి వీజీఏ తప్ప ఇంకో పోర్ట్ లేదు కాబట్టి మధ్యలో కన్వర్టర్ పెట్టి లాగిస్తున్నాను (నవ్వకండి).

షాపు మూశాక రాత్రి నేనూ మా తమ్ముడూ వాలరెంట్ ఆడతాం, అప్పుడప్పుడు సీఎస్2, ఆదివారం పూట జీటీఏ 5, సైబర్‌పంక్ లాంటివి. పగలు అదే సిస్టమ్ మీద ఫొటోషాప్, కోరల్‌డ్రా, పాత ఫైళ్లు వస్తే పేజ్‌మేకర్, అను ఫాంట్స్. అంటే ఒకే మానిటర్ రెండు పనులూ చేయాలి. బడ్జెట్ 18 వేలు, మరీ తప్పదంటే 20.

ఇక్కడ ఒక షాపాయన 27 అంగుళాల 1080పీ (1920×1080) కర్వ్‌డ్ చూపించి "గేమింగ్‌కి దీన్ని మించింది లేదు, 1 ఎంఎస్ (రంగు మారే వేగం), హెచ్‌డీఆర్ (వెలుగునీడలు బాగా చూపేది) కూడా ఉన్నది" అంటున్నాడు. మా తమ్ముడేమో 240 హెర్ట్జ్ (సెకనుకు 240 సార్లు బొమ్మ మారేది) కావాలని గోల. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట. 24 తీసుకోవాలా 27 తీసుకోవాలా, 3050 మీద 1440పీ (2560×1440) నడుస్తుందా, 144కి 180కి 240కి నిజంగా కంటికి తేడా తెలుస్తుందా, కర్వ్‌డ్ వల్ల డిజైన్ పనికి ఇబ్బందా? టేబుల్ లోతు రెండడుగులు, దానికి మించి వెనక్కి జరగలేను. ఇంకోటి, మా గల్లీలో ఎండాకాలం వోల్టేజీ ఎట్లుంటదో నల్గొండోళ్లకు చెప్పనక్కర్లేదు, దానికి కూడా ఏమైనా జాగ్రత్త ఉంటే చెప్పండి.

పాలమూరు_పిక్సెల్ (మహబూబ్‌నగర్):

ముందు ఆ 27 అంగుళాల 1080పీని మనసులోంచి తీసెయ్ తమ్మీ. అది చెడ్డ మానిటర్ అని కాదు, నీ టేబుల్‌కీ నీ పనికీ పడదు. 24 అంగుళాల్లో 1080పీ అంటే అంగుళానికి 92 పిక్సెళ్ల దాకా వస్తాయి, అదే 1080పీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కి పడిపోతుంది. రెండడుగుల దూరంలో కూర్చుంటే గేమ్‌లో సర్దుకుపోవచ్చేమో గానీ తెలుగు అక్షరాల దగ్గర దొరికిపోతావు. ఇంగ్లిష్ అక్షరం ఒక వరసలో పోతుంది, మనకు కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము, అన్నీ ఒకే అక్షరం చుట్టూ ఉంటాయి. పెళ్లి కార్డులో చిన్న సైజులో "జ్యేష్ఠ పుత్రుడు" అని టైపు చేసి చూడు, ఠ లోపలి చుక్క ఉన్నదో పోయిందో తెలియాలంటే జూమ్ చేయాల్సిందే. రోజంతా జూమ్ చేసుకుంటూ పని చేయడం ఎంత విసుగో నీకే తెలుసు.

27 తీసుకుంటే 1440పీనే తీసుకో, అప్పుడు అంగుళానికి 109 వస్తాయి, విండోస్ స్కేలింగ్ 100లోనే ఉంచి పని చేసుకోవచ్చు. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్లకు స్కేలింగ్ పెడితే మెనూలు మసకబారుతాయి కాబట్టి ఇది చిన్న లాభం కాదు. 20 వేల లోపు 27 అంగుళాల 1440పీ, 165 లేదా 180 హెర్ట్జ్ ఐపీఎస్ (రంగులు బాగుండే రకం) ప్యానెళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, ఆఫర్లలో 17, 18కి కూడా కనిపిస్తాయి. ఎల్‌జీ అల్ట్రాగేర్, ఏసర్ నైట్రో, ఏఓసీ, ఎంఎస్‌ఐ, గిగాబైట్ అందరి దగ్గరా ఈ రకం ఉన్నది. కంపెనీ పేరు చూసి కాదు, మోడల్ నంబర్ చూసి కొను. ఒకే కంపెనీ ఒకే పేరు మీద ఐపీఎస్ అమ్ముతుంది, వీఏ (నలుపు బాగుండే ఇంకో ప్యానెల్ రకం) కూడా అమ్ముతుంది, చివర ఒక్క అక్షరమే మారుతుంది.

నీ కార్డు 3050 కాబట్టి 1440పీ మోయగలదా అన్నది సరైన ప్రశ్న. 1080పీ అంటే 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ అంటే 36.8 లక్షలు దాటి. ప్రతి ఫ్రేముకీ పనిభారం దాదాపు 1.8 రెట్లు. వాలరెంట్, సీఎస్2 లాంటి వాటికి ఇబ్బంది లేదు, వాలరెంట్ ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్, సెట్టింగులు తక్కువలో పెడితే హాయిగా నడుస్తుంది. సైబర్‌పంక్ లాంటివాటి దగ్గరే తేడా పడుతుంది.

మిర్యాలగూడ_రీలోడ్:

బ్రో, పైన అన్న చెప్పింది డిజైనర్‌కు కరెక్టేమో గానీ గేమర్‌కు కాదు. 3050 అంటే 1080పీ కార్డు, దాని నెత్తిన 1440పీ పెట్టి ఏం సాధిస్తావు? 24 అంగుళాల 1080పీ 180 హెర్ట్జ్ ఐపీఎస్ పదివేల చుట్టుపక్కల వస్తుంది, మిగిలిన డబ్బుతో మంచి మౌస్, మౌస్‌ప్యాడ్, ఇంకొంచెం వేస్తే రేపు కార్డు మార్చుకోవచ్చు. వాలరెంట్ పెద్ద టోర్నీల్లో కూడా వాడేది 24 అంగుళాలే, స్క్రీన్ మొత్తం ఒక్క చూపులో పడాలి, మూలలో మినీమ్యాప్ చూడటానికి తల తిప్పకూడదు. రెండడుగుల టేబుల్ అన్నావు కాబట్టి 27 మరీ మొహం మీదికి వస్తుంది.

మీ తమ్ముడి 240 హెర్ట్జ్ సంగతి మాత్రం నేను కూడా వద్దంటాను. 60 హెర్ట్జ్ మానిటర్ ఒక బొమ్మను 16.7 మిల్లీసెకన్లు నిలబెడుతుంది, 144 అయితే 6.9, 180 అయితే 5.6, 240 అయితే 4.2. లెక్క నువ్వే చూడు, 60 నుంచి 144కి పోతే దాదాపు 10 మిల్లీసెకన్లు మిగిలింది, 144 నుంచి 240కి మూడు కూడా మిగల్లేదు. మొదటిది మౌస్ కదిపిన మరుక్షణమే తెలుస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోది తెలియాలంటే చేయి బాగా తిరిగి ఉండాలి, పైగా కార్డు, ప్రాసెసర్ కలిసి ఎప్పుడూ 240 ఫ్రేములు ఇస్తూనే ఉండాలి, ఫైట్ మధ్యలో 150కి పడిపోతే 240 హెర్ట్జ్ ఉండి ఏం లాభం.

ఆ "1 ఎంఎస్" కూడా నమ్మకు. డబ్బా మీద జీటీజీ (ఒక బూడిదరంగు నుంచి ఇంకో బూడిదరంగుకు మారే సమయం) అని రాసినా, ఎంపీఆర్‌టీ (కదిలే బొమ్మ కంటికి మసకగా కనిపించే సమయం) అని రాసినా అది కంపెనీ తనకు అనుకూలమైన సెట్టింగులో కొలిచింది. ఎంపీఆర్‌టీ అయితే బ్యాక్‌లైట్‌ను ఆర్పుతూ వెలిగిస్తూ తెచ్చిన అంకె, ఆ మోడ్ ఆన్ చేస్తే వెలుతురు తగ్గుతుంది, చాలా మానిటర్లలో అప్పుడు ఫ్రీసింక్ (కార్డు ఇచ్చే ఫ్రేములకు తగ్గట్టు మానిటర్ హెర్ట్జ్ మార్చేది) పనిచేయదు.

పాలమూరు_పిక్సెల్:

@మిర్యాలగూడ_రీలోడ్ భాయ్, ఒక్క గేమింగే అయితే నీ మాటకు ఎదురు లేదు, నేను కూడా 24 180 హెర్ట్జే చెప్పేవాణ్ణి. కానీ ఆయన అన్నం పెట్టేది పగటి పని. 1366×768 మీద ఫొటోషాప్ తెరిస్తే రెండు పక్కలా ప్యానెళ్లు పోగా మధ్యలో డిజైన్‌కు మిగిలే చోటు ఎంతో ఊహించు. 1440పీలో ప్యానెళ్లన్నీ తెరిచి పెట్టుకున్నా ఫ్లెక్స్ మొత్తం కంటి ముందు ఉంటుంది. అందుకే నా లెక్కలో ఆ ఎనిమిది వేలు ఎక్కువ పెట్టేది గేమ్ కోసం కాదు.

ఇక 3050 గురించి. ఎన్విడియా కార్డుల్లో ఉండే డీఎల్‌ఎస్‌ఎస్‌ను మర్చిపోతున్నారు. 1440పీ స్క్రీన్ మీద డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్ పెడితే గేమ్ లోపల గీసేది 960పీలోనే, అంటే 1080పీ కన్నా తక్కువ పిక్సెళ్లు, తర్వాత అది 1440పీకి పెంచి చూపిస్తుంది. పెంచడానికి కార్డు కొంత టైమ్ తీసుకుంటుంది, కాబట్టి ఉచితంగా ఏమీ రాదు, కానీ సైబర్‌పంక్‌ను మీడియంలో పెట్టుకుని ఆదివారం ఆడుకోవడానికి ఇబ్బంది ఉండదు. చేయకూడనిది ఒకటే, 1440పీ మానిటర్‌ను నేరుగా 1080పీ రిజల్యూషన్‌కు దించి ఆడటం. ఒక పిక్సెల్‌ను 1.33 పిక్సెళ్ల మీద సర్దాల్సి వస్తుంది కాబట్టి అంతా కొంచెం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది.

టేబుల్ దూరం మాట నిజమే, దానికి మార్గం ఉన్నది. మానిటర్‌తో వచ్చే స్టాండే ఎక్కువ చోటు తింటుంది, ముందుకు జాపిన కాళ్లు అర అడుగు పైగా ఆక్రమిస్తాయి. వెనక వీఈఎస్‌ఏ రంధ్రాలు ఉన్న మోడల్ తీసుకుని గోడకో టేబుల్ అంచుకో ఆర్మ్ బిగిస్తే స్క్రీన్ గోడ దాకా జరుగుతుంది. రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లా 100 మిల్లీమీటర్లా అని చూసుకుని ఆర్మ్ కొను.

సూర్యాపేట_ప్రింట్:

నాది కూడా ఫ్లెక్సు పనే, ఇరవై ఏళ్లుగా ఇదే. గేమ్ సంగతి మీరు తేల్చుకోండి, రంగుల సంగతి ఒకటి చెప్తా, దీన్ని ఎవరూ చెప్పరు. ఇప్పటి గేమింగ్ మానిటర్లు చాలావరకు వైడ్ గాముట్‌తో (మామూలు కన్నా ఎక్కువ రంగులు చూపేలా) వస్తున్నాయి, డబ్బా మీద "డీసీఐ-పీ3 95 శాతం" అని గొప్పగా వేస్తారు. గేమ్‌లో, సినిమాలో రంగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, చూడటానికి బాగుంటుంది. కానీ నీ ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల హద్దులో ఉంటుంది, దాన్ని ఆ మానిటర్ సాగదీసి చూపిస్తుంది. నాయకుడి కండువా మీద గులాబీ రంగు గానీ, బ్యాక్‌గ్రౌండ్ ఎరుపు గానీ స్క్రీన్ మీద నిప్పులాగా వెలిగిపోతుంది, నువ్వు ఎక్కువైందనుకుని తగ్గిస్తావు, ఫ్లెక్స్ మీద ప్రింట్ తీస్తే నీరసంగా, వెలిసినట్టు వస్తుంది. మనిషి ముఖం అయితే ఇంకా కష్టం, చామనఛాయ మీద ఎరుపు ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని సరిచేయబోతే ప్రింట్‌లో బూడిదరంగు. కస్టమర్ ఊరుకుంటాడా? రాత్రికి రాత్రి మళ్లీ కొట్టించి కట్టాల్సిందే, ఖర్చు మనదే.

దీనికి విరుగుడు మానిటర్ మెనూలోనే ఉంటుంది, ఎస్‌ఆర్‌జీబీ మోడ్ అని. అది పెడితే రంగులు హద్దులోకి వస్తాయి. కొన్ని మోడళ్లలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ మార్చనివ్వదు, తాళం వేసినట్టు బిగుసుకుపోతుంది, అది మరీ ఎక్కువ వెలుతురులో బిగుసుకుంటే పగలంతా కళ్లు మండిపోతాయి. కాబట్టి కొనే ముందు రివ్యూల్లో ఈ ఒక్క ముక్క వెతికి చూడు, "ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో బ్రైట్‌నెస్ మారుతుందా లేదా" అని. ఆర్‌టింగ్స్ అనే రివ్యూ సైటు వాళ్ల కొలతల్లో ఇలాంటివి దొరుకుతాయి. గేమ్ ఆడేటప్పుడు ఆ మోడ్ తీసేసి నీ ఇష్టం వచ్చిన రంగులు పెట్టుకో. చాలా మానిటర్లలో రెండు మూడు ప్రీసెట్లు దాచుకోవచ్చు, పగలు ఒకటి, రాత్రి ఒకటి.

స్క్రీన్ ఎంత మంచిదైనా ఫ్లెక్సు మిషన్ రంగులు దానికి పూర్తిగా కలవవు, అవి సీఎంవైకే (నీలి, గులాబీ, పసుపు, నలుపు) ఇంకులు, కొన్ని నీలాలు, ఆకుపచ్చలు అసలు రావు. కాబట్టి మానిటర్ మారిస్తే కంప్లయింట్లు తగ్గుతాయి గానీ పోవు.

జడ్చర్ల_జంక్షన్:

కర్వ్‌డ్ గురించి, వీఏ గురించి ఎవరూ మంచి చెప్పలేదు కాబట్టి ఆ పక్షాన ఒకడైనా మాట్లాడాలి కదా 😀 నాది 32 అంగుళాల వీఏ కర్వ్‌డ్, 1440పీ. రాత్రి లైటు ఆర్పేసి ఆడితే ఐపీఎస్ దాని ముందు నిలవదు. ఐపీఎస్ కాంట్రాస్ట్ మామూలుగా 1000కి 1, వీఏ అయితే 3000కి 1 దాకా పోతుంది, నలుపు నలుపులాగే ఉంటుంది. ఐపీఎస్‌లో చీకటి సీను వస్తే మూలల్లో బూడిదరంగు వెలుగు కమ్ముకుంటుంది, అది ప్యానెల్ స్వభావం, మానిటర్ మార్చినా పోదు.

అయితే నిజం చెప్పాలి, వాలరెంట్‌కు వీఏ వద్దు. నలుపు నుంచి బూడిదరంగుకు మారేటప్పుడు ఈ ప్యానెల్ నెమ్మది, చీకటి మూలలోంచి మనిషి పరిగెత్తితే వెనకాల నల్లని తోక కనిపిస్తుంది. బొమ్మలు చూస్తూ మెల్లగా ఆడే గేములకే నేను వాడుతాను. డిజైన్ పనికి కర్వ్ కూడా వద్దు. నేను డిజైనర్‌ను కాదు గానీ ఒకసారి ఇంటి ప్లాన్ గీతలు తెరిచి చూస్తే అడ్డగీత వంగినట్టే అనిపించింది, బోర్డర్ తిన్నగా ఉందో లేదో చూసుకునే పనిలో ఉన్నవాడికి అది నరకం.

ఆ హెచ్‌డీఆర్ మాత్రం ఎవరు చెప్పినా నమ్మకు గడియారం అన్నా. ఈ ధరలో హెచ్‌డీఆర్10 అని రాశారంటే ఆ సిగ్నల్‌ను తీసుకుంటుంది అని మాత్రమే అర్థం. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 ముద్ర ఉన్నా సరే, అందులో స్క్రీన్‌ను ముక్కలు ముక్కలుగా మసకబార్చే లోకల్ డిమ్మింగ్ తప్పనిసరి కాదు. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ అంతా పాలిపోయి కనిపిస్తుంది. దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకు.

దేవరకొండ_పవర్:

కరెంటు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా. మానిటర్ తినేది తక్కువ, 27 అంగుళాలది 30, 40 వాట్ల లోపే. అసలు లోడు నీ సిస్టమ్‌ది, 3050 ఒక్కటే 130 వాట్లు, ప్రాసెసర్ 65 వాట్ల రకం, గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 250, 300 వాట్ల మధ్య అనుకో. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్, పైన చెప్పిన వీఏ ప్యానెల్ కాదు) యూపీఎస్ చాలామంది పెడతారు, అది దాదాపు 360 వాట్లకే, బ్యాటరీ కొంచెం పాతబడిందంటే కరెంటు పోగానే "టక్" మని మొత్తం ఆగిపోతుంది. 1000, 1100 వీఏది తీసుకుని, మానిటర్‌ను కూడా దానికే పెట్టు. సిస్టమ్‌ను యూపీఎస్ మీద ఉంచి మానిటర్‌ను గోడ ప్లగ్గుకు పెట్టేవాళ్లను చూశాను, కరెంటు పోతే ఫైలు సేవ్ చేద్దామన్నా బొమ్మ కనపడదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉందేమో చూడు, అది పెడితే మారే సమయం తగ్గి సిస్టమ్ రీస్టార్ట్ కాదు. కానీ ఆ మోడ్‌లో వోల్టేజీ కాస్త కిందికి జారినా బ్యాటరీ మీదికి పోతుంది, మన దగ్గర బోర్లు నడిచే వేళ అదే జరుగుతుంది, మాటిమాటికీ క్లిక్కు క్లిక్కు. దానికి ముందు ఒక స్టెబిలైజర్ పెట్టడమో, యూపీఎస్ వేరే పెట్టడమో చేయాలి. ముందుగా ఎర్తింగ్ చూపించు, పాత మడిగెల్లో మూడో పిన్ను ఉత్త అలంకారం.

ఇంకొకటి, వానాకాలం సంగతి. మొదటి వాన పడ్డాక సందెవేళ లైటు చుట్టూ సన్న పురుగులు ముసురుతాయి కదా, స్క్రీన్ వెలుతురుకు అవి వస్తాయి, మరీ సన్నవైతే పక్క సందుల్లోంచి ప్యానెల్ పొరల మధ్యకు దూరతాయి. లోపల పాకుతూ కనిపిస్తే వేలితో మాత్రం నొక్కకు! నొక్కితే అక్కడే చచ్చి చుక్కలాగా ఉండిపోతుంది, డెడ్ పిక్సెల్ అనుకుంటావు, వారంటీలో కూడా చేయరు. స్క్రీన్ ఆపేసి, గదిలో ఇంకోచోట లైటు వేసి ఉంచు, చాలాసార్లు దానంతటదే బయటికి వస్తుంది. ఆ రోజుల్లో సాయంత్రం తలుపుకు దోమల జాలి వేసుకుంటే గొడవ చాలావరకు తగ్గుతుంది.

నకిరేకల్_టు_ఎల్‌బీనగర్:

కొనే చోటు గురించి. ఆన్‌లైన్‌లో ధర తక్కువ ఉంటుంది, ఆఫర్ రోజుల్లో ఇంకా. కానీ మానిటర్‌కు చాలా చోట్ల డబ్బు వాపసు ఇవ్వరు, మార్చి ఇవ్వడమే, అది కూడా గడువు లోపల చెప్తేనే. కొనే ముందు ఆ పేజీలో కింద ఏం రాశారో చదువు. డబ్బా విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయి, మీద ఉన్న సీరియల్ నంబర్ కనిపించాలి. ఒకటి రెండు డెడ్ పిక్సెళ్లకు కంపెనీలు మార్చవు, ప్రతి కంపెనీకి ఇన్ని దాకా ఫర్వాలేదు అని లెక్క ఉంటుంది, కాబట్టి మార్పిడి గడువు లోపలే స్క్రీన్ నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెట్టి చూడు.

చూసి కొనాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మన వాళ్లు సీటీసీ అంటారు. నల్గొండ బస్సు ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే పరేడ్ గ్రౌండ్ దాకా పోవచ్చు, అక్కడి నుంచి ఆటో. నాలుగు షాపులు తిరిగి అదే మోడల్‌కు ధర అడుగు, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపిస్తే కొందరు దగ్గరకు వస్తారు. జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకో, నీ షాపుకు జీఎస్టీ ఉంటే బిల్లు మీద ఆ నంబర్ వేయించు. తిరుగు ప్రయాణంలో 27 అంగుళాల డబ్బాను బస్సు డిక్కీలో పడుకోబెట్టకు, దాని మీద ఎవడో బియ్యం బస్తా వేస్తాడు. నిలబెట్టి, కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చుకో.

"జీఎస్టీ తగ్గింది కదా, మానిటర్లు చవకయ్యాయి" అని ఇక్కడ కూడా ఇంకో చోట ఎవరో రాశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం 18కి తగ్గింది 32 అంగుళాలు దాటినవాటికి. 32, అంతకన్నా చిన్నవి అంతకు ముందు నుంచే 18లో ఉన్నాయి. కాబట్టి 27 అంగుళాలకు ఆ పేరు చెప్పి "తగ్గించి ఇస్తున్నాం" అని ఎవరైనా అంటే అది వాళ్ల మాటకారితనం.

వారంటీ అడిగేటప్పుడు మూడేళ్లా అని మాత్రమే కాదు, నల్గొండ పిన్‌కోడ్‌కు ఇంటికి వచ్చి చూస్తారా అని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడుగు. నాకు తెలిసినాయన మానిటర్ ఒకటి గీతలు పడితే "మీ ఊరికి రాము, హైదరాబాద్ తెచ్చుకోండి" అన్నారు, ఒరిజినల్ డబ్బా, థర్మాకోల్ కూడా కావాలన్నారు. ఆయన వాటిని ఎప్పుడో పారేశాడు. అందుకే డబ్బాను అటక మీద పడేసి ఉంచు, ఎలుకలు కొరకకుండా.

గడియారం_సెంటర్:

అందరికీ మస్తు థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. తమ్ముడికి ఆ మిల్లీసెకన్ల లెక్క చూపించాను, కాసేపు మొహం ముడుచుకుని తర్వాత సరే అన్నాడు. 27 అంగుళాల 1440పీ 180 హెర్ట్జ్ ఐపీఎస్, ఫ్లాట్, అదే ఖాయం చేస్తున్నా. రెండు మోడళ్ల దగ్గర ఆగాను, ఒకదాంట్లో ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో బ్రైట్‌నెస్ మారుతుంది, ఇంకోటి 1200 తక్కువ గానీ మారదట. సూర్యాపేట అన్న మాట విని మొదటిదే. ఈ ఆదివారం సీటీసీ పోతున్నా, తెరిచి ఉంటాయా?

ఇంకో రెండు డౌట్లు. నాది ఎన్విడియా కార్డు, ఆ మానిటర్ మీద ఫ్రీసింక్ అని ఉన్నది, అది ఏఎండీ వాళ్లది కదా, పనిచేస్తుందా? కేబుల్ వేరే కొనాలా?

నకిరేకల్_టు_ఎల్‌బీనగర్:

ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి అన్నా, శనివారం పో, అది కూడా పొద్దున 11 దాటాక. ముందే పోతే షట్టర్లు చూసి రావాలి.

మిర్యాలగూడ_రీలోడ్:

పనిచేస్తుంది. 2019 జనవరి నుంచి ఎన్విడియా కూడా ఆ రకం మానిటర్లను నడిపిస్తున్నది, జీసింక్ కంపాటిబుల్ అని పిలుస్తారు. జాబితాలో నీ మోడల్ పేరు లేకపోయినా ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చేత్తో ఆన్ చేసుకోవచ్చు. ఆన్ చేశాక ఎక్కడైనా స్క్రీన్ మినుకుమినుకుమంటే, ముఖ్యంగా గేమ్ లోడింగ్ దగ్గర, అది ఫ్రేములు ఒక్కసారి పడిపోయినప్పుడు వచ్చేది, కంగారు పడకు.

కేబుల్ డిస్‌ప్లేపోర్టే వాడు, ఎక్కువగా డబ్బాలోనే ఇస్తారు. నీ కార్డుకు హెచ్‌డీఎంఐ 2.1 ఉన్నా మానిటర్ వైపు 2.0 ఉంటే 1440పీలో 144 దగ్గరే ఆగిపోతావు. పెట్టాక చేయాల్సిన మొదటి పని: విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి పోయి 180 ఎంచుకోవడం. కొత్త మానిటర్ తగిలిస్తే చాలాసార్లు అది 60లోనే ఉంటుంది, జనం అలాగే నెలల తరబడి ఆడుతూ "ఏం తేడా లేదు" అంటారు. గేమ్ లోపల కూడా డిస్‌ప్లే సెట్టింగ్ చూసుకో.

తర్వాత ఫ్రేములను 180కి కొంచెం కింద, 175 దగ్గర కట్టెయ్, అప్పుడు ఫ్రీసింక్ హద్దు దాటి పోదు. మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ అనో, రెస్పాన్స్ టైమ్ అనో ఉంటుంది, దాన్ని అన్నిటికన్నా పైన పెట్టకు, మధ్యలో ఉంచు. పైన పెడితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ వస్తుంది. టెస్ట్‌యూఎఫ్‌ఓ సైటు తెరిచి, ఒక్కో స్థాయి మారుస్తూ ఆ కదిలే బొమ్మ చూడు, ఏది శుభ్రంగా ఉంటే అది పెట్టుకో.

సూర్యాపేట_ప్రింట్:

మోడల్ నంబర్ ఇక్కడ రాయి తమ్ముడూ, మా షాపులో కూడా ఒకటి మార్చాలి. నాకు హెర్ట్జ్ అక్కర్లేదు, కానీ మావాడు ఈ థ్రెడ్ చదివి ఇప్పుడే 180 కావాలంటున్నాడు.